రియాద్ జీ20 బహిష్కరణ: ఎవరు ఆగారు, ఎవరు వెళ్లారు, ఏం దక్కింది

2020 అక్టోబర్ 20 నుంచి 22 వరకు సౌదీ అరేబియా ఆతిథ్యంలో జీ20కి అనుబంధ మహిళా బృందమైన డబ్ల్యూ20 సదస్సు ఆన్‌లైన్‌లో జరిగింది. జీ20 దేశాల మహిళా ప్రతినిధులు ఆర్థిక రంగంలో స్త్రీల వాటా గురించి, నిర్ణయాధికారం గురించి మూడు రోజులు తెరల మీద చర్చించారు. సదస్సు ముగిసిన నాలుగో రోజున, అక్టోబర్ 26న, రియాద్ దగ్గరి అల్ హాయర్ జైల్లో లుజైన్ అల్ హథ్లూల్ నిరాహార దీక్షకు దిగారు. ఇంటివాళ్లతో క్రమం తప్పకుండా మాట్లాడనివ్వాలన్నదే ఆమె కోరిక. కారు నడిపే హక్కు కోసం, స్త్రీల నిర్ణయాలకు మగ బంధువు అనుమతి కావాలనే పురుష సంరక్షకత్వానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి గొంతెత్తిన ఆమెను 2018 మే 15న అరెస్టు చేశారు. స్త్రీలు కారు నడపడంపై నిషేధాన్ని అదే ప్రభుత్వం జూన్ 24న ఎత్తేసింది. హక్కు ఇచ్చిన ఘనత రాజుకు, ఆ హక్కు అడిగిన నేరం ఆమెకు మిగిలాయి.

2020లో రియాద్ జీ20ను బహిష్కరించాలన్న పిలుపు ఈ వైరుధ్యంలోంచే పుట్టింది. అయితే ‘జీ20ను బహిష్కరించండి’ అన్న నినాదం ఎంత సూటిగా ఉందో ఆచరణ అంత చిక్కుగా ఉంది. ఏ తలుపు దగ్గర ఆగితే ఆతిథ్య దేశానికి ఇబ్బంది కలుగుతుందో తెలియకుండా ఇచ్చే పిలుపు పత్రికా ప్రకటనగానే మిగిలిపోతుంది.

జీ20కి శాశ్వత సచివాలయం లేదు. ఏటా ఒక దేశం అధ్యక్షత తీసుకుంటుంది. ఆ దేశం, దానికి ముందు నడిపిన దేశం, తర్వాత నడపబోయే దేశం కలిసి సమన్వయం చూసుకుంటాయి. 2020లో ఆ మూడు జపాన్, సౌదీ, ఇటలీ. సచివాలయం లేకపోవడం చిన్న విషయం కాదు. అజెండా, ఆహ్వానాలు, వేదిక, ఫొటోలు, చివరికి ఎవరి మైకు ఎప్పుడు తెరుచుకోవాలన్నది కూడా ఆతిథ్య దేశం చేతిలోనే ఉంటుంది. 2019 డిసెంబర్ 1 నుంచి 2020 నవంబర్ 30 వరకు ఆ పగ్గాలు సౌదీవి. ఒక అరబ్ దేశానికి ఆ అవకాశం రావడం అదే మొదలు.

దేశాధినేతల సమావేశం ఈ నిర్మాణానికి పై అంతస్తు మాత్రమే. దాని కింద ఆర్థిక మంత్రుల వరుస, అధినేతల తరఫున చర్చలు నడిపే షెర్పాల వరుస ఉంటాయి. పక్కన అనుబంధ బృందాలుంటాయి: వ్యాపారానికి బీ20, కార్మిక సంఘాలకు ఎల్20, పౌర సంస్థలకు సీ20, నగరాలకు యూ20, యువతకు వై20, స్త్రీల అంశాలకు డబ్ల్యూ20. డబ్ల్యూ20 2015లో టర్కీ అధ్యక్షతన మొదలైంది. ఈ బృందాలు సిఫార్సులు రాసి ఆతిథ్య దేశానికి అందజేస్తాయి. వాటిని పాటించి తీరాలన్న నియమం ఎవరికీ లేదు. వీటికి అధికారం లేదు, మర్యాద ఉంది. ఆతిథ్య దేశానికి కావలసిందీ ఆ మర్యాదే. అందుకే బహిష్కరణ ఎక్కడైనా పనిచేస్తే ఇక్కడే పనిచేయాలి.

పై అంతస్తులో ఎందుకు పనిచేయదో 2020 చూపించింది. అక్టోబర్ 8న యూరోపియన్ పార్లమెంటు సదస్సులో ఈయూ ప్రాతినిధ్యం స్థాయిని తగ్గించాలని తీర్మానం చేసింది. నవంబర్ 21, 22 తేదీల్లో సదస్సు జరిగినప్పుడు యూరోపియన్ కౌన్సిల్, కమిషన్ అధ్యక్షులిద్దరూ తెర మీదే ఉన్నారు. కొవిడ్ ఏడాది అది. పేద దేశాల అప్పుల చెల్లింపు వాయిదా, వ్యాక్సిన్ల పంపిణీ బల్ల మీద ఉన్నాయి. ఆ బల్ల వదిలి లేవడానికి ఏ ప్రభుత్వమూ సిద్ధపడలేదు. ఒంటరిగా ముందుకొస్తే ఏమవుతుందో అప్పటికే కెనడా అనుభవం చెప్పింది. 2018 ఆగస్టులో సౌదీ మహిళా హక్కుల కార్యకర్త సమర్ బదావీని విడుదల చేయాలని కెనడా విదేశాంగ శాఖ ఒక ట్వీట్ పెట్టింది. సౌదీ కెనడా రాయబారిని వెళ్లగొట్టి, కొత్త వాణిజ్యాన్ని నిలిపేసి, అక్కడ చదువుతున్న తన విద్యార్థులను వెనక్కి పిలిచింది. మిత్ర దేశాలు గోడ మీద పిల్లుల్లా చూస్తూ ఉండిపోయాయి.

కలిసి కదిలితే కథ వేరుగా ఉంటుందనడానికీ ఆధారం ఉంది. 2019 మార్చి 7న ఐస్‌లాండ్ చొరవతో 36 దేశాలు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో ఉమ్మడి ప్రకటన చేశాయి. జైల్లో ఉన్న మహిళల పేర్లను అందులో ఒక్కొక్కటిగా ప్రస్తావించాయి. ఆ మండలిలో సౌదీపై అలాంటి ఉమ్మడి విమర్శ రావడం అదే తొలిసారి. మూడు వారాలకు, మార్చి 28న, అజీజా అల్ యూసఫ్, ఇమాన్ అల్ నఫ్జాన్ తదితరులు తాత్కాలికంగా బయటికొచ్చారు. విచారణ మాత్రం ఆగలేదు. ఆ ‘తాత్కాలికంగా’ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి, ముందు మళ్లీ పని పడుతుంది.

మూడు బృందాలు, మూడు తీర్లు

సీ20 విషయంలో బహిష్కరణ అన్నిటికంటే పకడ్బందీగా జరిగింది. 2020 జనవరిలోనే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్, సివికస్ తాము పాల్గొనబోమని ప్రకటించాయి. ఆ తర్వాత ఈ వైపు నిలిచిన సంస్థల సంఖ్య 220 దాటింది. ఇది కుదరడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, అధినేతల సదస్సుకు పది నెలల ముందే నిర్ణయం చెప్పారు. ఆతిథ్య దేశం పేర్లు ప్రకటించాక వెనక్కి తగ్గితే దాన్ని అలకగా కొట్టిపారేయొచ్చు, ముందే చెబితే ఆ పేర్లు లేకుండానే ప్రచారం మొదలుపెట్టాల్సి వస్తుంది. రెండు, వాళ్లు చెప్పిన కారణం సీ20 నిర్వచనానికే తగిలింది. పౌర సంస్థల వేదికను ఆ దేశంలో నడిపేది రాజకుటుంబంతో ముడిపడిన ఒక ఫౌండేషన్. స్వతంత్ర మానవ హక్కుల సంఘాలకు అక్కడ అనుమతి లేదు. అలాంటి సంఘమొకటి పనిచేస్తుంటే 2013లో కోర్టే దాన్ని రద్దు చేసింది. ఆతిథ్య దేశపు పౌర సమాజం జైల్లో ఉంటే, పౌర సమాజ సదస్సులో ఆ దేశం తరఫున కూర్చునేది ఎవరన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

యూ20లో లెక్క చిన్నది. లండన్, న్యూయార్క్, పారిస్, లాస్ ఏంజెలిస్ మేయర్లు నలుగురు దూరంగా ఉన్నారు. నగరాల సదస్సు విలువంతా అలాంటి నాలుగైదు పేర్ల మీదే నడుస్తుంది కాబట్టి 220 సంస్థల సంతకాలకు వచ్చినంత ప్రచారం నలుగురితోనే వచ్చింది. పైగా మేయర్లకు సొంత ఓటర్లున్నారు, వాణిజ్య ఒప్పందాల బరువు లేదు. జాతీయ ప్రభుత్వం చేయలేని పనిని నగరపాలకులు చేయగలగడం అందుకే. బీ20 సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. వ్యాపార ప్రపంచం మామూలుగానే హాజరైంది.

చిక్కంతా డబ్ల్యూ20లో ఉంది. జైల్లో ఉన్నది స్త్రీల హక్కుల కార్యకర్తలు, సదస్సు స్త్రీల హక్కులది, కాబట్టి అందరికంటే ముందు ఇక్కడే కుర్చీలు ఖాళీ కావాలని బయటివాళ్లు అనుకోవడం సహజం. లుజైన్ చెల్లెలు లీనా అల్ హథ్లూల్ బ్రస్సెల్స్ నుంచి ఈ మాటే గట్టిగా అడిగారు. వాస్తవంలో డబ్ల్యూ20 ప్రతినిధులు పెద్ద సంస్థల అధిపతులు కారు. ప్రతి దేశం నుంచి ఎంపికైన నిపుణులు, పారిశ్రామికవేత్తలు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు. తమ దేశంలో మళ్లీ పిలుపు రాదేమోనన్న బెరుకు వాళ్లకుంటుంది. సౌదీ డబ్ల్యూ20కి అధ్యక్షురాలు థురయ్యా ఒబైద్, ఐక్యరాజ్యసమితి జనాభా నిధిని 2001 నుంచి 2010 వరకు నడిపిన వ్యక్తి. అంతర్జాతీయ మహిళా వేదికల్లో చాలామందికి ఆమె గౌరవనీయురాలు. ఆమె పిలుపును కాదనడం ప్రభుత్వ పిలుపును కాదన్నంత తేలిక కాదు. ఆతిథ్య ప్రభుత్వాలు ఇలాంటి మనిషిని ముందు నిలబెట్టడం కాకతాళీయం కాదు.

వెళ్లాలన్నవాళ్ల వాదనను తేలిగ్గా తీసేయకూడదు. ప్రసూతి సెలవు, వేతన వ్యత్యాసం, రుణ సదుపాయం లాంటి అంశాలు అధినేతల ప్రకటనలో చేరేది ఈ దారినే. మనం లేస్తే ఆ వాక్యాలు పోతాయి, నష్టపోయేది కోట్లాది మంది స్త్రీలే అంటారు. మామూలు ఏడాదిలో ఇది సరైన వాదనే. 2020లో మాత్రం అది నిలబడదు. అవే వాక్యాలను తమ దేశంలో అడిగినవాళ్లు బందీలుగా ఉన్నారు. రాసిన సిఫార్సుల ఘనత ఆతిథ్య దేశపు ఖాతాలో పడుతుంది. పైగా సదస్సు ఆన్‌లైన్‌లో జరిగింది. హాలులో ఉంటే లేచి నిలబడి ఒక పేరు పలకొచ్చు, బయట విలేకరులకు చెప్పొచ్చు. నిర్వాహకులు నడిపే తెర మీద ఆ వెసులుబాటు ఉండదు. లోపలికెళ్లి మాట్లాడతామన్న హామీ విలువ మైకు ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది.

వెళ్లి మాట్లాడటం పనిచేసిన సందర్భం లేకపోలేదు. 2022 నవంబర్‌లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో ఐరాస వాతావరణ సదస్సు కాప్27 జరిగినప్పుడు జైల్లో నిరాహార దీక్షలో ఉన్న ఈజిప్టు కార్యకర్త ‘అలా అబ్దుల్ ఫత్తా’ సోదరి సనా సైఫ్ స్వయంగా అక్కడికి వెళ్లారు. వేదిక ప్రాంగణం ఐక్యరాజ్యసమితి నియమాల కింద ఉంది. ఆమె విలేకరుల సమావేశం పెట్టగలిగారు, తన అన్న పేరును వాతావరణ వార్తల మధ్యలో నిలపగలిగారు. జీ20కి ఐరాస ప్రాంగణం లేదు. రెండు సదస్సులకూ ఒకే వ్యూహం చెల్లదు.

ఆచరణలో ఏం చేయాలి, ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ముందు కుటుంబం సమ్మతి, వీలైతే ఖైదీ సమ్మతి తీసుకోవాలి. దీన్ని మర్యాద కోసం చేసే పనిగా చూస్తే పొరపాటే. లుజైన్ మీద మోపిన అభియోగాల్లో విదేశీ దౌత్యవేత్తలతో, పాత్రికేయులతో, ఆమ్నెస్టీ లాంటి సంస్థలతో సంబంధాలు పెట్టుకోవడం ఉంది. ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగానికి దరఖాస్తు చేయడం కూడా ఉంది. అంటే బయటినుంచి మద్దతుగా రాసిన ఉత్తరమే లోపల సాక్ష్యంగా మారొచ్చు. అందుకే ప్రకటనల్లో ఖైదీ పంపిన సందేశాలను, ములాఖత్‌లో చెప్పిన మాటలను ఉటంకించకూడదు. కుటుంబం ఇప్పటికే బహిరంగంగా చెప్పినవి, కోర్టులో నమోదైనవి, ఐరాస నిపుణులు రాసినవి చాలు. సౌదీ మహిళలు కొందరిపై విద్యుత్ షాకులు, కొరడా దెబ్బలు, లైంగిక వేధింపులు జరిగాయని కుటుంబాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. అలాంటి వివరాలు రాసేటప్పుడు ఆరోపణను ఆరోపణగానే, ఎవరు చేశారో చెప్పి రాయాలి. ఒక్క తప్పు వివరం దొరికితే ప్రకటన మొత్తాన్ని అబద్ధమని తోసేస్తారు. కుటుంబాలన్నీ ఒకే మాట మీద ఉండవు. కొందరు నిశ్శబ్దంగా రాయబారం నడవాలనుకుంటారు. అప్పుడు ఆ ఖైదీ పేరును జాబితాలోంచి తీసేయడమే సరైనది.

రెండోది సమయం. అధ్యక్షత చేతులు మారడానికి ముందో, మారిన తొలి వారాల్లోనో నిర్ణయం బయటపడాలి. 2020 వేసవి దాటాక వచ్చిన పిలుపులు ఎక్కువగా పత్రికల్లోనే తిరిగాయి, ఎందుకంటే అప్పటికి ప్రతినిధుల జాబితాలు ఖాయమయ్యాయి, సిఫార్సుల ముసాయిదాలు చేతులు మారాయి. చివరి నెలలో మిగిలేది స్థాయి తగ్గించడం: అధినేత బదులు రాయబారి, మంత్రి బదులు అధికారి. అది పనికిరాదని కాదు, కానీ దాన్ని కారణంతో సహా ప్రకటించకపోతే ఎవరి కంటా పడదు. రియాద్ సదస్సు మధ్యలో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కొవిడ్ మీద జరిగిన ప్రత్యేక కార్యక్రమాన్ని వదిలి గోల్ఫ్‌కు వెళ్లారు. దాన్ని బహిష్కరణని ఎవరూ అనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ లేదు. ‘షెడ్యూలు కుదరలేదు’ అని చెప్పి తప్పుకున్న మేధావి చేసేదీ అంతకంటే ఎక్కువ కాదు. తప్పుకోవడం ఆతిథ్య దేశానికి సమస్య కాదు, తప్పుకున్న కారణం అచ్చులో కనబడటం సమస్య.

ప్రకటన ఒక పేజీ దాటకూడదు. అందులో ఖైదీల పేర్లు, అరెస్టు తేదీలు, ప్రస్తుతం ఎక్కడ ఉన్నారన్నది, ఏం జరిగితే తిరిగి వస్తామన్నది ఉండాలి. చాలామంది ఈ ఆఖరి దాన్నే మరిచిపోతారు. మానవ హక్కుల పరిస్థితి మెరుగుపడాలి అన్న షరతు ఎప్పటికీ తీరదు, ఎప్పుడైనా తీరిందనీ అనొచ్చు. ‘విడుదల’ అన్న ఒక్క మాటా చాలదు. 2019 మార్చిలో వచ్చినవి తాత్కాలిక విడుదలలే. షరతు నాలుగు ముక్కలుగా ఉంటే మేలు: బేషరతు విడుదల, అభియోగాల ఉపసంహరణ, ప్రయాణ నిషేధం ఎత్తివేత, చిత్రహింసల ఆరోపణలపై స్వతంత్ర విచారణ.

ఒక్క ప్రసిద్ధురాలి పేరు మీదే ప్రచారమంతా నడిపితే మరో ప్రమాదం ఉంది. ఆమెను వదిలేస్తే ఉద్యమం గాలి తీసినట్టవుతుంది, మిగిలినవాళ్లు లోపలే ఉంటారు. లుజైన్ బయటికొచ్చిన తర్వాత కూడా సమర్ బదావీ, నసీమా అల్ సాదా 2021 జూన్ వరకు జైల్లోనే ఉన్నారు. ఆ నాలుగు నెలల్లో వాళ్ల పేర్లు ఎన్ని పతాక శీర్షికల్లో కనిపించాయో వెతికితే జవాబు తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న: ఇదంతా చేస్తే ఏం జరిగింది? తేదీలను వరుసగా పెట్టి చూడాలి. 2020 అక్టోబర్ 13న మానవ హక్కుల మండలి ఎన్నికలో సౌదీ 90 ఓట్లతో ఓడిపోయింది. నవంబర్‌లో బ్రిటిష్ న్యాయవాది హెలెనా కెనడీ నివేదిక, మహిళలను వదలకపోతే సదస్సుకు వెళ్లవద్దని అధినేతలను కోరింది. అదే నెలలో లండన్‌లోని సౌదీ రాయబారి క్షమాభిక్ష ఆలోచన ఉందన్నట్టు ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడారు, ఆ వెంటనే రాయబార కార్యాలయం అలాంటిదేమీ లేదంది. నవంబర్ 22న సదస్సు ముగిసింది. అధినేతలు రాలేదు కాబట్టి వాళ్ల చిత్రాలను కలిపి సంప్రదాయ గ్రూప్ ఫొటో తయారుచేసి, రియాద్ శివార్లలోని దిరియాలో చారిత్రక మట్టి గోడల మీద వెలుగుతో వేశారు. రాని వాళ్లను కూడా వచ్చినట్టు చూపించగల ఏడాది అది. ఖాళీ కుర్చీ కనిపించాలంటే ముందు కుర్చీలుండాలి.

మూడు రోజులకు, నవంబర్ 25న, లుజైన్ కేసును ఉగ్రవాద కేసుల కోసం 2008లో ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానానికి మార్చారు. సదస్సు దాటేదాకా ఆగి తీసుకున్న నిర్ణయమని ఎవరికైనా అనిపిస్తుంది. డిసెంబర్ 28న తీర్పు వచ్చింది: 5 సంవత్సరాల 8 నెలల శిక్ష, అందులో 2 సంవత్సరాల 10 నెలలు నిలుపుదల, లెక్క అరెస్టు నాటి నుంచి. కూడితే విడుదల 2021 మార్చికి వస్తుంది. నేరం ఖాయం చేయాలి, మనిషిని త్వరగా బయటికి పంపాలి, ఒత్తిడికి లొంగామని అనిపించకూడదు. ఈ మూడూ కుదిరేలా కట్టిన అంకెలివి. 2021 ఫిబ్రవరి 10న, 1,001 రోజుల తర్వాత, ఆమె ఇంటికి చేరారు. అప్పటికి అమెరికాలో జో బైడెన్ అధికారంలోకి వచ్చి మూడు వారాలైంది. సౌదీతో సంబంధాలను పునఃపరిశీలిస్తానని ఆయన ఎన్నికల్లోనే చెప్పారు. విడుదలకు ప్రధాన కారణం అదేనని నమ్మేవాళ్లే ఎక్కువ, అది తోసిపుచ్చదగిన అంచనా కాదు. బహిష్కరణ జైలు తలుపు తెరవలేదు. పది నెలల పాటు జీ20 వార్త ఎక్కడ వచ్చినా పక్కన ఆ పేర్లు వచ్చేలా చేసింది. కొత్త అమెరికా ప్రభుత్వం వచ్చేసరికి ఎవరి గురించి అడగాలో ప్రపంచానికి తెలుసు.

ఒత్తిడి వేడి తొందరగా చల్లారిపోతుందన్నది అందరికీ తెలిసిన బలహీనతే. 2018 అక్టోబర్ 2న సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్య జరిగాక, అదే నెలలో రియాద్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సు నుంచి అమెరికా ఆర్థిక మంత్రి స్టీవెన్ మ్నూచిన్, ఐఎంఎఫ్ అధిపతి క్రిస్టీన్ లగార్డ్, పెద్ద బ్యాంకుల అధినేతలు వరుసగా తప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి మ్నూచిన్ అదే సదస్సులో ఉన్నారు. తిరిగి రావడానికి ఏ షరతూ పెట్టలేదు కాబట్టి తిరిగి రావడానికి ఏ కారణమూ అక్కర్లేకపోయింది. 2022 జూలైలో బైడెన్ స్వయంగా జెద్దా వెళ్లారు. మరుసటి నెల, ట్వీట్ల కేసులో సల్మా అల్ షహాబ్ అనే పరిశోధక విద్యార్థినికి అప్పీలు కోర్టు శిక్షను 6 ఏళ్ల నుంచి 34 ఏళ్లకు పెంచింది. అంతర్జాతీయ విమర్శల మధ్య ఆ శిక్ష తర్వాత తగ్గుతూ వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఆమె బయటికొచ్చారు. 2024 మార్చిలో ఐక్యరాజ్యసమితి మహిళా స్థితిగతుల కమిషన్ అధ్యక్ష స్థానం సౌదీకి దక్కింది, పోటీ లేకుండానే. అదే కమిషన్ నుంచి 2022 డిసెంబర్ 14న ఇరాన్‌ను 29 ఓట్లతో బయటికి పంపారు. రెండేళ్లు తిరగకుండానే ఒకే వేదిక నుంచి ఒక దేశం బయటికి పోయింది, మరో దేశం దాని అధ్యక్ష స్థానంలో కూర్చుంది. ఓటింగ్ జరిగేలా చూడటానికి ఒక్క ప్రభుత్వమైనా అభ్యంతరం చెప్పాలి. 2024లో ఎవరూ చెప్పలేదు.

సదస్సు తేదీ కంటే ముందే విడుదల రావచ్చన్నదీ అనుభవమే. 2015 మార్చిలో చైనా ఐదుగురు స్త్రీవాద కార్యకర్తలను పట్టుకుంది. బస్సుల్లో లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా స్టిక్కర్లు పంచడానికి వాళ్లు సిద్ధమవుతున్నారు. ఆ సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో యూఎన్ విమెన్‌తో కలిసి షీ జిన్‌పింగ్ మహిళా సమానత్వ సమావేశం నిర్వహించాల్సి ఉంది. 37 రోజుల తర్వాత ఐదుగురినీ బెయిలు మీద వదిలారు, కేసు మాత్రం వెంటనే మూయలేదు. సమావేశం అనుకున్నట్టే జరిగింది. తాత్కాలిక విడుదలతో నిరసన చల్లబడుతుందని ఆతిథ్య ప్రభుత్వాలకు తెలుసు. అందుకే షరతుల్లో ‘అభియోగాల ఉపసంహరణ’ విడిగా రాయాలి, ‘ప్రయాణ నిషేధం ఎత్తివేత’ దాని పక్కన రాయాలి. విడుదలైన లుజైన్ మీద ఆ నిషేధం ఉండగా, ఆమె తరఫున విదేశీ వేదికల మీద మాట్లాడుతూ వచ్చింది లీనానే.